కజుకో: శాంతిని కోరిన పేరు

జపానుదేశమున 1935 ప్రాంతములో ఒక బాలికల పాఠశాలయందు ఉపాధ్యాయురాలు హాజరుపట్టీ తెరచి "కజుకో" అని పిలిచినచో, ఒక్క కంఠమునకు బదులు రెండు మూడు కంఠములు "హాయ్" అని పలుకుట వింత కాదు. జపాను భాషలో "హాయ్" అనగా "చిత్తము" అని యర్థము. అందుచేత ఇంటిపేరు చేర్చి పిలువవలసి వచ్చెడిది. జపానీయులు ఇంటిపేరు ముందును, సొంతపేరు తరువాతను చెప్పుదురు. ఈ విషయమున వారి యాచారమును తెలుగువారి యాచారమును ఒక్కటే. ఆ బాలికల ఇంటిపేర్లు వేరు, తండ్రుల వృత్తులు వేరు, కలిమిలేములు వేరు. పేరు మాత్రము ఒక్కటి. ఆ పేరునకు "శాంతి గల బిడ్డ" యని స్థూలముగా అర్థము చెప్పవచ్చును.

ఆ బాలికలు అక్షరాభ్యాసము చేయుచున్న దినములలోనే వారి దేశపు సైన్యములు మంచూరియాలో నిలిచి యుండెను. వారు పెద్ద తరగతులకు వచ్చుసరికి చీనాతో యుద్ధము, వారిలో పెద్దలైనవారు పాఠశాల విడుచుసరికి లోకమంతటితో యుద్ధము. శాంతి యను పేరు పెట్టుకొన్న ఒక తరము తుపాకిమ్రోతల నడుమ పెరిగినది. ఇన్ని వేల యిండ్లలో ఒకే కాలమున ఒకే పేరు ఎట్లు పుట్టెను? ఆ పేరునకు మూలమెక్కడ? అది యెట్లు వచ్చి, యెట్లు వెళ్లిపోయెను? ఈ ప్రశ్నలకు సమాధానము వెదకినచో జపాను చరిత్రలో పదునాలుగు శతాబ్దుల దారి కొంత కంటబడును.

అక్షరమొకటి, పలుకులు పెక్కు

తెలుగు పేరు వినినచో వ్రాయవచ్చును. వ్రాసినది చూచినచో చదువవచ్చును. జపాను పేర్ల విషయమున ఈ రెండును నిశ్చయముగా సాధ్యములు కావు. జపానీయులు చీనాదేశము నుండి తెచ్చుకొన్న లిపిలో ఒక్కొక్క గుర్తు ఒక ధ్వనికి గాక ఒక భావమునకు సంకేతము. ఈ చిక్కును తెలుగు విద్యార్థి తన వ్యాకరణ పరిభాషతోనే సులభముగ గ్రహింపగలడు. తెలుగున తత్సమములును దేశ్యములును కలవు గదా! "శాంతి" తత్సమము, "నెమ్మది" దేశ్యము. ఒకే గుర్తు వ్రాసి, దానిని ఒకచోట "శాంతి" యనియు మరియొకచోట "నెమ్మది" యనియు చదువుట ఆచారమైనచో ఎట్లుండునో జపాను లిపి అట్లుండును. చీనా నుండి వచ్చిన పలుకు ఒకటి. స్వదేశపు పలుకు ఇంకొకటి. ఇవి చాలవన్నట్లు మనుష్యుల పేర్లలో మాత్రమే వినవచ్చు పలుకులు మరికొన్ని.

కజుకో యను పేరును సాధారణముగ రెండక్షరములతో వ్రాయుదురు. మొదటి యక్షరమునకు చీనా వారసత్వపు పలుకు "వా". "హేవా" యనగా శాంతి. "చోవా" యనగా మేళవింపు. ఇదే యక్షరము స్వదేశపు పలుకున మెత్తబడుట, కుదుటపడుట అను అర్థములు గల క్రియలగును. పేర్లలోనికి వచ్చినప్పుడు అది "కజు" అగును, "మసా" అగును, "తోమో" అగును, "యోరి" అగును. గణితపాఠమున రెండు సంఖ్యలను కూడగా వచ్చిన మొత్తమునకు గూడ జపాను ఉపాధ్యాయులు వాడు మాట ఈ "వా" యే. దేశ్యభాషలో "కజు" అను ధ్వనికి సంఖ్య యని యర్థము. కూడిక, కలయిక, పొందిక: ఈ భావములన్నియు ఆ యొక్క అక్షరమున ఒదిగి యున్నవి.

ఆ యక్షరపు రూపమును జూచినచో ఎడమవైపున పైరుకంకియు, కుడివైపున నోరును కన్పట్టును. నోటికి అన్నమున్నచోట శాంతి యుండునని పిల్లలకు జ్ఞాపకముంచుకొనుటకై చెప్పుట కలదు. అది ముచ్చటగనే యున్నది. కాని పైరుకంకి ధ్వనిని సూచించుటకు చేరినదే గాని అర్థమును సూచించుటకు గాదని లిపిశాస్త్రజ్ఞుల అభిప్రాయము.

ఈ యక్షరమునకు మరియొక విశేషము కలదు. ప్రాచీన చీనా గ్రంథములు జపానువారిని "వా" అని పేర్కొనుచు, అంత గౌరవము కాని వేరొక గుర్తుతో వ్రాసెడివి. ఎనిమిదవ శతాబ్దిలో జపానీయులు ఆ గుర్తును తొలగించి, అదే ధ్వని గల ఈ శాంత్యక్షరమును దాని స్థానమున నిలుపుకొనిరి. నాటినుండి అది దేశమునకే గుర్తైనది. వారి సంప్రదాయ వస్త్రము "వాఫుకు", చేతికాగితము "వాషి", దేశీయాహారము "వాషోకు". 604వ సంవత్సరమున షోతోకు రాకుమారుడు రచించెనని ప్రాచీన చరిత్ర చెప్పు పదునేడు నియమముల శాసనమున మొట్టమొదటి నియమము సామరస్యమును కొనియాడునదే. అచ్చటి మాటయు ఈ యక్షరమే. కాగా కజుకో యని పేరు పెట్టు తండ్రి తన బిడ్డకు శాంతిని మాత్రమే గాక, తెలిసియో తెలియకయో దేశమును గూడ అక్షరరూపమున ఒసగుచున్నాడు.

"కో" యను చివరి యక్షరము

రెండవ యక్షరము "కో". దీనికి బిడ్డ యని యర్థము. నేడు ఈ యక్షరము చివరనున్న పేరు స్త్రీనామమని జపానులో ఎవరైనను చెప్పుదురు. కాని ఆదిలో దాని కథ వేరు. చీనాలో ఇది గురువులకు పెట్టు గౌరవవాచకము. కన్ఫ్యూషియసు అని లోకము పిలుచు మహనీయుని పేరు చీనా లిపిలో ఈ యక్షరముతోనే ముగియును. జపానునందును తొలుత పురుషులే దీనిని ధరించిరి. 607లో చీనా చక్రవర్తి యాస్థానమునకు రాయబారిగా వెళ్లిన ఓనో నో ఇమోకో పురుషుడే. ఆ కాలపు ప్రబల మంత్రి సోగా నో ఉమాకోయు పురుషుడే.

తొమ్మిదవ శతాబ్ది ఆరంభమున సాగా చక్రవర్తి తన కుమార్తెలకు ఈ యక్షరముతో ముగియు పేర్లు పెట్టెను. పిదప రాజగృహమునను, ఉన్నత వంశములయందును స్త్రీల పేర్లకు అది ఆభరణమైనది. విచిత్రమేమనగా, ఆ స్త్రీల పేర్లు గ్రంథములలో నిలిచినవి గాని వారిని ఇంట ఎట్లు పిలిచిరో లోకము మరచిపోయినది. "గెంజి కథ" వ్రాసిన మురసాకి షికిబు కొలిచిన మహారాణి పేరును నేటి పండితులు "షోషి" యని చదువుదురు. "దిండు పుస్తకము" రచయిత్రి సేయ్ షోనగోన్ కొలిచిన మహారాణిని "తేయ్‌షి" యందురు. ఈ రెండును చీనా పలుకులు. జీవించి యున్ననాడు తల్లిదండ్రులు పిలిచిన దేశీయమైన పలుకు నిశ్చయముగా తెలియదు గనుక పండితులు ఇట్లు చదివి సరిపెట్టుకొనుచున్నారు. ఆ ఇరువురు రచయిత్రులకును మనకు తెలిసినవి ఆస్థాన నామములే. వేయేండ్లుగా వారి గ్రంథములు చదువబడుచున్నవి. వారి పేర్లు మాత్రము వినబడుట లేదు.

సామాన్యకుటుంబములలో స్త్రీల పేర్లు చిన్నవి: హరు (వసంతము), కికు (చేమంతి), త్సురు (కొంగ). గౌరవమునకై ముందు "ఓ" చేర్చి "ఓహరు", "ఓకికు" అని పిలిచెడివారు. "కో" యను అక్షరము వారి వాకిట చాలకాలము అడుగు పెట్టలేదు.

ఇద్దరు రాచకన్యలు

శాంత్యక్షరము తమ పేరున ధరించిన ఇద్దరు స్త్రీలను చరిత్ర జ్ఞాపకముంచుకొన్నది. మొదటి యామె షోగునుల వంశమున, రెండవ యామె చక్రవర్తుల వంశమున పుట్టినది. ఇరువురి వివాహములును రాజకీయమైన సంధులే.

1603లో తోకుగావా ఇయెయాసు ఎదోలో షోగునై దేశాధికారము చేపట్టెను. ఎదో యనగా నేటి తోక్యో. చక్రవర్తి కియోతో నగరమున బిరుదు మాత్రము కలిగి నిలిచెను. ఈ రెండు పీఠములకును బంధుత్వము కలుపుటకై రెండవ షోగును తన కుమార్తెను 1620లో గోమిజునో చక్రవర్తికి ఇచ్చి వివాహము చేసెను. 1607లో పుట్టిన ఆ బాలికకు అప్పటికి పండ్రెండేండ్లు నిండినవి. ఆమె పేరును వ్రాయు అక్షరములు మన కజుకో పేరును వ్రాయు అక్షరములే. అయితే రాజగృహమువారికి "జు" వంటి నాదధ్వని పేర్లలో రుచింపదనియు, అందుచేత అంతఃపురము ప్రవేశించునప్పుడు ఆమె పేరును "మసాకో" యని మార్చి చదివిరనియు చెప్పుదురు. అక్షరము చెక్కుచెదరలేదు, పలుకు మాత్రము అత్తవారింటి మర్యాదకు లోబడినది. 1629లో చక్రవర్తి షోగును ప్రభుత్వముపై కినిసి సింహాసనము విడిచెను. అప్పుడు ఆమె కడుపున పుట్టిన పసిబాలిక మేయ్‌షో యను పేర సింహాసన మెక్కినది. ఎనిమిది వందల యేండ్లకు పైగా జపానులో స్త్రీ సింహాసన మెక్కి యుండలేదు. తల్లి 1678 వరకు జీవించి, రెండు పీఠముల నడుమ తన కర్తవ్యము నెరవేర్చెను.

రెండున్నర శతాబ్దులు గడచెను. తోకుగావా వంశపు బలము తరిగినది. విదేశనౌకలు రేవులకు వచ్చినవి. దేశము రెండుగా చీలునట్లుండెను. మరల ఒక వివాహముతో అతుకు వేయ సంకల్పించిరి. ఈ మారు కన్య కియోతో నుండి ఎదోకు పోవలెను. ఆమె కోమేయ్ చక్రవర్తి చెల్లెలు. 1846లో తండ్రి మరణించిన పిదప పుట్టిన బిడ్డ. ఆమె పేరు కజునోమియా. "మియా" యనగా రాజకుమారి. "కజు" యనగా ఆ శాంత్యక్షరమే. ఆమెకు బాల్యముననే అరిసుగావా వంశపు రాకుమారుడు తరుహితోతో వివాహము నిశ్చయమై యుండెను. ఆ సంబంధము రద్దైనది. ఆమె తొలుత అంగీకరింపలేదు. అన్న కొరకును దేశము కొరకును ఒప్పించిరి. 1861 చివర పర్వతమార్గమున గొప్ప పరివారముతో ఆమె ఎదో చేరెను. 1862లో పదునాలుగవ షోగును ఇయెమోచితో వివాహము జరిగెను. నాలుగేండ్లలో భర్త మరణించెను. ఆమె కియోతోకు మరలి పోక అచ్చటనే యుండెను.

1868లో చక్రవర్తి సేనలు తోకుగావా వంశమును అణచుటకై ఎదోపైకి కదలినవి. ఆ సేనల కధిపతి యెవరు? ఒకప్పుడు ఆమెకు వరుడుగా నిశ్చయింపబడిన అరిసుగావా తరుహితో! పుట్టింటి సేన మెట్టినింటిపైకి వచ్చుచుండగా ఆమె తోకుగావా వంశమును నిలుపుమని కియోతోకు లేఖలు పంపెను. ఇరుపక్షముల నాయకులును సంప్రదింపులు జరిపిరి. ఎదో కోట యుద్ధము లేకయే వశమైనది. మహానగరము అగ్నికి ఆహుతి గాక నిలిచినది. ఇది యామె యొక్కతె సాధించినదని చెప్పరాదు. కాని శాంతి యను పేరు గల ఆ స్త్రీ ఆ ఘడియలో ఏ పక్షమున నిలిచి యేమి కోరెనో చరిత్ర చెప్పుచునే యున్నది. ఆమె 1877లో మరణించెను. తన కోరిక ప్రకారము తోక్యో నగరమున జోజోజి దేవాలయమున భర్త సమాధి ప్రక్కనే ఆమెను ఉంచిరి.

సామాన్యుల వాకిటికి

మెయిజీ చక్రవర్తి కాలమున పేర్ల వ్యవస్థ యంతయు మారినది. 1870లో సామాన్యులు ఇంటిపేరు ధరించుటకు అనుమతి లభించెను. 1875లో అది విధి యయ్యెను. 1872లో దేశమంతటను కుటుంబపట్టీలు వ్రాసిరి. బాలికలకు పాఠశాలలు వచ్చినవి. చదువుకొన్న స్త్రీలు తమ చిన్న పేర్లకు తామే "కో" చేర్చుకొని సంతకము చేయసాగిరి. ఒకప్పుడు రాజగృహమునకే పరిమితమైన అక్షరము విద్యతో పాటు సామాన్యుల చేతికి వచ్చినది.

దీనికి నిదర్శనము త్సుదా ఉమెకో జీవితమే. 1864లో పుట్టిన యామెకు పెట్టిన పేరు "ఉమె". ఒక పూవు పేరు. ఆరేండ్ల వయసున 1871లో ప్రభుత్వము పంపగా ఆమె విద్యకై అమెరికా వెళ్లెను. తిరిగి వచ్చి 1900లో స్త్రీల ఉన్నతవిద్యకై పాఠశాల స్థాపించెను. అదియే నేటి త్సుదా విశ్వవిద్యాలయము. 1902లో ఆమె తన పేరును "ఉమెకో" యని మార్చుకొని కుటుంబపట్టీలో వ్రాయించెను. 2024 జులై నుండి జపాను అయిదువేల యెన్నుల నోటుపై ఆమె చిత్రము కలదు. ఒక యక్షరము చేర్చుకొనుట నేటివారికి చిన్న విషయముగ తోచవచ్చును. తన పేరును తానే నిర్ణయించుకొను హక్కు ఒక స్త్రీకి కలదని నాటి సమాజమున చూపుట చిన్న విషయము కాదు.

యుగనామము, బిడ్డల పేర్లు

జపానులో చక్రవర్తి సింహాసన మెక్కినప్పుడు ఒక యుగనామము ప్రకటింతురు. సంవత్సరములను ఆ పేరుతోనే లెక్కింతురు. 1926 డిసెంబరు 25న తైషో చక్రవర్తి మరణించగా, కుమారుడు హిరోహితో సింహాసనమునకు వచ్చెను. కొత్త యుగమునకు "షోవా" యని పేరు పెట్టిరి. చీనావారి ప్రాచీన చరిత్రగ్రంథమైన "షూజింగు" నుండి దానిని గ్రహించిరి. యావో యను ఆదర్శప్రభువు తన ప్రజలను వెలుగులోనికి తెచ్చి, సకల రాజ్యములను పొందికతో కలిపెనని చెప్పు ఘట్టమది. "షో" యనగా వెలుగు. "వా" యనగా, పాఠకులు ఊహించినట్లే, ఆ శాంత్యక్షరము.

షోవా మొదటి సంవత్సరము ఏడు దినములే యున్నది. జనవరి ఒకటితో రెండవ సంవత్సరము వచ్చెను. కొత్తయుగముపై ప్రజల కెంత యాశ యుండెనో ఆ యేట పుట్టిన బిడ్డల పేర్లు చెప్పును. మెయిజీ యసుదా జీవితబీమా సంస్థ తన ఖాతాదారుల పేర్లను పుట్టిన సంవత్సరముల వారీగా 1912 నుండి లెక్కించి పట్టికలు ప్రకటించినది. 1927లో మగపిల్లల పేర్లలో మొదటిది "షోజి", అనగా షోవా రెండు; 1928లో "షోజో", అనగా షోవా మూడు. తండ్రులు కొడుకుల పేర్లలో సంవత్సరమునే వ్రాసి పెట్టిరి. ఆడపిల్లలకు యుగనామపు రెండవ యక్షరము దక్కినది. 1927లో కజుకో మొదటి స్థానమునకు వచ్చి, నడుమ కొన్ని సంవత్సరములు తప్ప, 1952 వరకు ఆ స్థానము విడువలేదు. 1929లో చక్రవర్తి మూడవ కుమార్తె పుట్టగా ఆమెకును కజుకో యనియే పేరు పెట్టిరి. సామాన్యుల పేరు రాజగృహమునకు పోయెనా, రాజయుగపు పేరు సామాన్యుల యిండ్లకు వచ్చెనా యని వేరుచేయ నలవి కాదు.

పట్టికలో కజుకో వెనుకబడిన సంవత్సరములును గమనింపదగినవే. 1940లో మొదటి స్థానము నోరికో యను పేరునకు లభించెను. తమ తొలి చక్రవర్తి కాలము నుండి 2600 సంవత్సరములు నిండెనని ఆ యేడు జపాను ఉత్సవములు జరిపినది. ఆ శకమును తెలుపు అక్షరమే ఆ పేరున కలదు. యుద్ధసంవత్సరములలో మగపిల్లల పేర్లలో "మసారు" అగ్రస్థానమున నిలిచెను. దాని యర్థము గెలుపు. ఒకే యింట అన్నకు గెలుపు అని, చెల్లెలికి శాంతి యని పేర్లుండుట నాడు సామాన్యము. ఆ రెండు కోరికలును ఒకదానితో నొకటి పొసగునా యని ఆనాడు బహిరంగముగా అడుగుట కవకాశము లేకుండెను.

1945 ఆగస్టులో యుద్ధము ముగిసెను. నగరములు బూడిదైనవి. అయినను యుగనామము మారలేదు, షోవాయే కొనసాగెను. కజుకో పేరును కొనసాగెను. కాని దాని యర్థము లోపల మారినది. 1930లో ఆ పేరు పెట్టిన తండ్రి మనస్సున యుగము పేరు, చక్రవర్తి పేరు మెదలియుండును. 1947లో, యుద్ధమును త్యజించు కొత్త రాజ్యాంగము అమలునకు వచ్చిన యేట, ఆ పేరు పెట్టిన తల్లి మనస్సున మెదలినది మరల రాకూడని కాలరాత్రి. అక్షరములు అవే, వానిని వ్రాయించిన యనుభవము వేరు. ఆ 1947లోనే వెలువడిన దజాయ్ ఒసాము నవల "అస్తమిస్తున్న సూర్యుడు" నందు, కూలిపోయిన ఉన్నతవంశమునకు చెంది, కొత్త బ్రతుకు వెదకుకొను కథానాయిక పేరు కజుకో.

1927లో పుట్టిన ఒక కజుకో

పేరు యొక్క అర్థమును నిఘంటువు చెప్పును. దాని బరువును ధరించినవారి జీవితము చెప్పును. వతనాబె కజుకో 1927 ఫిబ్రవరిలో ఉత్తరద్వీపమైన హొక్కాయిడోలోని అసహికావా నగరమున పుట్టెను. తండ్రి జోతారో సైన్యాధికారి. పేదకుటుంబమున పుట్టి స్వయంకృషిచే పైకి వచ్చినవాడు. జీతములో పెద్ద భాగము పుస్తకములకు వెచ్చించినవాడు. మొదటి ప్రపంచయుద్ధానంతరము ఐరోపాలో యుద్ధము మిగిల్చిన వినాశనమును కన్నులార జూచి, గెలిచినను ఓడినను యుద్ధము దేశమును నాశనము చేయునని గ్రహించినవాడు. వయసు మీరిన పిమ్మట కలిగిన గర్భమునకు తల్లి వెనుకాడగా, బిడ్డను కనుమని తండ్రియే పట్టుపట్టెనని కజుకో తరువాతి కాలమున వ్రాసెను.

1936 ఫిబ్రవరి 26న తోక్యోలో మంచు కురియుచుండెను. కొందరు యువసైనికాధికారులు పదునాలుగు వందలకు పైగా సైనికులతో తిరుగుబాటు చేసి, ప్రభుత్వపు పెద్దలను చంపబూనిరి. సైనికవిద్యకు ప్రధానాధికారిగా నున్న వతనాబె జోతారో వారి లక్ష్యములలో నొకడు. తెల్లవారుజామున ఒక దళము ఆయన యింటిపై పడెను. తండ్రి ప్రక్కన నిద్రించుచుండిన తొమ్మిదేండ్ల కజుకోను ఆయన గోడకానించిన బల్ల వెనుక దాగుమని కనుసైగ చేసెను. కొలది అడుగుల దూరమున, ఆమె చూచుచుండగనే, ఆయనను కాల్చి చంపిరి.

ఆ బాలిక 1945లో, యుద్ధము ముగియుటకు కొలది నెలల ముందు, క్రైస్తవమతము స్వీకరించెను. ముప్పదవ యేట సన్యాసినియై, ముప్పదియారవ యేట ఒకయామ నగరమున నోత్ర్ దామ్ సేయ్‌షిన్ మహిళా విశ్వవిద్యాలయమునకు అధ్యక్షురాలయ్యెను. 1984లో మదర్ థెరిసా కలకత్తా నుండి జపానునకు వచ్చినప్పుడు ఆమె మాటలను జపాను భాషలో వినిపించినది ఈ కజుకోయే.

తండ్రి హంతకులను క్షమించితివా యని ఆమెను పెక్కుమంది అడిగిరి. క్షమించితినని ఆమె చెప్పెడిది. కాని ఒకసారి దూరదర్శన కార్యక్రమమునకై ఆ నాటి తిరుగుబాటు సైనికు డొకడు ఎదుట కూర్చుండగా, తనకిచ్చిన కాఫీని ఒక్క గ్రుక్కయైనను మ్రింగలేకపోయెనట. మనస్సు క్షమించినను దేహము ఒప్పుకొనలేదని ఆమె దాపరికము లేక చెప్పెను. 1986లో, తిరుగుబాటు జరిగి యేబదేండ్లు నిండిన యేట, మరణశిక్ష పొందిన ఆ యధికారులకై తోక్యో దేవాలయమున జరుగు సంస్మరణమునకు ఆమె వెళ్లి, వారి సమాధి ముందు ప్రార్థించెను. అచ్చట ఆమెను జూచి, ఆ యధికారుల తోబుట్టువులు కన్నీరు పెట్టిరి. వారును యేబదేండ్లు ఒక బరువు మోసినవారే యని ఆమె నాడు గ్రహించెను. 2012లో ఆమె వ్రాసిన చిన్న పుస్తకము ఇరువది లక్షల ప్రతులకు మించి అమ్ముడుపోయెను. 2016 డిసెంబరులో, ఎనుబదితొమ్మిదవ యేట ఆమె కన్నుమూసెను.

ఆమె పేరున శాంతి పుట్టుకతోనే యుండెను. జీవితమున దానిని సంపాదించుటకు ఆమెకు యేబదేండ్లు పట్టినది.

పేరు వెనుకబడుట

1953లో పట్టిక అగ్రమున కేయికో యను పేరు వచ్చెను. దానికిని "కో" కలదు. కాని 1950ల చివరినుండి ఆ యక్షరమునకే ఆదరము తగ్గసాగెను. 1960ల మధ్య "అకెమి" వంటి, "మి" యను సౌందర్యాక్షరముతో ముగియు పేర్లు మొదటి స్థానమునకు వచ్చినవి. 1980ల మధ్యకు వచ్చుసరికి మొదటి పది పేర్లలో "కో" దాదాపుగ కానరాకపోయెను. కారణ మూహింపవచ్చును. ఒకప్పుడు "కో" యున్నతికి గుర్తు గనుక అందరును కోరిరి. అందరును కోరుటచే అది యెవరికిని గుర్తు గాక పోయెను. కూతుళ్లకు అమ్మల పేర్లు పాతవిగ తోచెను. నేటి తల్లిదండ్రులు తొలుత ధ్వనిని ఎన్నుకొని, ఆపై దానికి తగిన అక్షరములను వెదకుదురు. ఇటీవల మొదటి వరుసలో నిలుచు "హిమారి" యను పేరున సూర్యకాంతి కలదు, పూమొక్క కలదు. "బిడ్డ" యను అక్షరము లేదు. రాజగృహమున మాత్రము నేటికిని ఆడబిడ్డలందరి పేర్లును "కో"తోనే ముగియుచున్నవి. ఆ యక్షరము లోకమంతయు తిరిగి, బయలుదేరిన యింటికే చేరినట్లున్నది.

2019 మే 1న జపానులో కొత్త యుగము ప్రారంభమైనది. దాని పేరు "రేయ్‌వా". 730లో దజాయ్‌ఫు పట్టణమున ఒక యధికారి యింట పూలవిందున కవులు చెప్పిన పద్యములు "మన్‌యోషూ" యను ప్రాచీన సంకలనమున గలవు. ఆ పద్యముల పీఠికనుండి ఈ పేరును గ్రహించిరి. చీనా గ్రంథముల నుండి గాక స్వదేశ గ్రంథము నుండి తీసికొన్న మొదటి యుగనామ మిది. దీని రెండవ యక్షరమును ఆ శాంత్యక్షరమే. 1927లో వలె కజుకోలు మరల పుట్టుకొని రాలేదు. పేర్లు పెట్టువారి యభిరుచి మారినది. అక్షరము మాత్రము నాణెములమీద, తేదీలమీద, పాఠశాలల పట్టాలమీద దినదినమును వ్రాయబడుచునే యున్నది.

ఇంకొక మార్పు ఇటీవలనే జరిగినది. 1872లో వ్రాసిన కుటుంబపట్టీల నాటినుండి జపాను ప్రభుత్వము పౌరుని పేరునకు అక్షరములను మాత్రమే పట్టీలో నమోదు చేసినది. దానిని ఎట్లు పలుకవలెనో పట్టీయందు వ్రాయుట లేకుండెను. శాంత్యక్షరమును, బిడ్డ యను అక్షరమును చూచి అది కజుకోయా, మసాకోయా యని పట్టీని బట్టి ఎవరును చెప్పలేకుండిరి. 2025 మే 26న అమలునకు వచ్చిన చట్టము ప్రతి పేరునకును దాని పలుకును గూడ పట్టీలో చేర్చుటకు ఏర్పాటు చేసెను. షోవా తొలి సంవత్సరములలో పుట్టిన కజుకోలలో జీవించియున్నవారు నేడు తొంబదియేండ్లు దాటినవారు. పసితనమున తల్లి తమను పిలిచిన పలుకు, ఇంత కాలమునకు, ప్రభుత్వపు పుటలలో మొట్టమొదటిసారిగ వారి పేరు ప్రక్కన చేరుచున్నది.